నువ్వుగింజంత రాయి

శుక్రవారం భివండీల సాంచలు, బట్ట నేసే కరెంటు మగ్గాలు, బంద్. టెంఘర్ గల్లీల ఇంటి గోడలు అదురకుండ ఉండేది ఆ ఒక్క రోజే. అందుకే రోజా వారమంత ఆగి, ఇయ్యాల పగటిపూట బాపు కార్ఖానల కిటికీ పక్కన బల్ల ఏసుకొని కూసుంది. నూనె వాసన, దూది దుమ్ము, ఉక్కపోత. చెవులల్ల మాత్రం మోత తిరుగుతనే ఉంది. ఇక్కడోళ్లకు అది మామూలే. ఆరు రోజులు కొట్టిన సాంచ ఏడో రోజు గూడ చెవుల కొడుతది, ఎవ్వలు పట్టించుకోరు.

ముందట నువ్వుగింజంత రాయి. భూమి లోపల వందల కిలోమీటర్ల కింద ఎంత బరువు ఉంటదో అంత బరువు పెట్టి, ముంబైల తను చదివే కాలేజీల సార్ ప్రెస్‌ల ఒత్తి తయారు చేసిన ఖనిజం. దాన్ని చిన్న గాజుముక్కకు గమ్ముతోని అతికిచ్చి, వజ్రం పొడి పేస్ట్ మీద రుద్దాలె. నలభై మైక్రాన్లకు రావాలె, అంటే వెంట్రుక కన్నా సన్నగ. సాయంత్రం ఆరింటికి దాన్ని అయాన్ మిషన్ల పెడితే రాత్రంత తొలుస్తది, తెల్లారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తరు.

సార్ ఇచ్చిన మూడింటిల ఇప్పటికే ఒకటి పుటుక్కుమని పలిగింది. ఇంకోటి ఎగిరి దూదిల కలిసింది, మోకాళ్ల మీద పాకి ఎతికినా దొరకలే. ఇది ఆఖరిది. పొద్దుగాల పీసీఓ నించి ఫోన్ చేసి టైం అడిగితే, ఇయ్యాల తప్పితే మళ్ల నాలుగు నెలలకే మిషన్ దొరుకుతదని సార్ చెప్పిండు. బాపు అయితే ఎప్పుడో తేల్చి పెట్టిండు, ఈ ఏడాదిల పూర్తిగాకుంటే చదువు బంద్, సాంచల కాడ దారం కండెలు చుట్టుడే.

వంద సార్లు రుద్ది, మందం కొలిచే గేజ్ పెట్టి చూసింది. తొంభై. మంచిగనే ఉంది. ఇంకో వంద రుద్దింది. ఎనభై రావాలె, డెబ్బై వచ్చింది. పాడు గేజ్ అని తిట్టుకుంట తుడిచి మళ్ల పెట్టింది.

అరవై రెండు.

ఈసారి ఒక్కసారి గూడ రుద్దలే. చిరాకుతోని నెత్తి మండిపోయింది. మళ్ల తుడిచింది, మళ్ల రుద్దింది, మళ్ల కొలిచింది. యాభై ఐదు.

గడపల బియ్యం ఏరుతున్న బాపు తల్లి, బాపమ్మ వెంకవ్వ చేతులాపింది. ఆమెకు కండ్లు సరిగ కనవడయి. కానీ ఇంట్ల కూసోని ఏ ఇంట్ల ఎన్ని సాంచలు నడుస్తున్నయో చెప్తది.

"లోపల నీతోని ఎవరే?" అని మెల్లగ అడిగింది.

"ఎవ్వలు లేరు బాపమ్మా. సతాయించకు."

"రెండు చప్పుళ్లు అత్తున్నయి బిడ్డా. ఒకటి నీది. ఇంకోటి... నీకన్న గట్టిగ రుద్దుతున్నరు."

రోజా చెయ్యి ఆపింది.

గర్... గర్... గర్...

ఆగలే. ఇంతసేపు చెవులల్ల సాంచల మోత అనుకొని వదిలేసిన చప్పుడు. అది చెవులల్ల లేదు. ఆమె చేతివేళ్ల కిందనే ఉంది... గాజుముక్కల.

గేజ్‌ల యాభై ఒకటి... నలభై ఏడు... ఇట్లనే పోతే ఆరింటి వరకు రాయి మిగలదు. గాజుముక్కను అసిటోన్ల ముంచింది. గమ్ము కరిగింది, రాయి ఊడింది. సూదితోని తిప్పి భూతద్దం కింద చూసింది. తను రుద్దిన దిక్కు ఇంకా మసకమసకగనే ఉంది. గమ్ముల ఉన్న దిక్కు, ఎవ్వలు ముట్టని దిక్కు... అద్దం లెక్క మెరుస్తుంది.

మళ్ల గేజ్ పెట్టింది. నలభై. చప్పుడు ఆగింది.

ఆలోచించే టైం లేదు. డబ్బీల ఏసి, ఎడమ చేతిల గట్టిగ పట్టుకొని మూడింటి బస్సెక్కింది. కాశేలి దాటింది, ఠాణేల రైలెక్కింది. పిడికిలి తెరవలే. చెయ్యి వెచ్చగ అయితనే ఉంది... చెమటనుకుంది.

ఆరింటికి పది నిమిషాల ముందు, అరచెయ్యి దిక్కు చూడకుండనే డబ్బీని సార్‌కు ఇచ్చి మళ్ల పిడికిలి మూసింది; ఆయన రాయిని లెన్స్ కింద పెట్టి చూసిండు. సరిగ్గ నలభై. ఇంట్ల మసకగ ఉన్న దిక్కు గూడ మెరుస్తుంది; రెండు దిక్కులా అద్దమేనట, గింత సాఫ్ చేతిపని ఆయన ఇంతవరకు చూడలేదట. మిషన్ మూత పడ్డది. పంపు గుయ్యిమన్నది. రోజా గట్టిగ ఊపిరి వదిలింది. బతికినం.

సంతకం పెట్టమని సార్ రిజిస్టర్ జరిపిండు. పేజీ ఒత్తిపట్టుకుందామని ఎడమ చెయ్యి తెరిచింది.

డబ్బీ ఉన్న కాడ అరచేతి గీతలు లేవు. నెత్తురు లేదు, నొప్పి లేదు. నున్నగ ఉంది. నెత్తి మీది ట్యూబ్‌లైట్ అరచేతిల కనవడుతుంది.

ఎవరో సన్నగ రుద్దినట్టు చక్కిలిగిలయితుంది... తోలు మీద కాదు.

లోపటి నించి.