మనవాడు

నాన్న తువ్వాలు ముందు కనిపించకుండా పోయింది. తర్వాత కనిపించింది, బొగ్గు ఒంటిమీద.

"ఇన్ని తువ్వాళ్లున్న ఇంట్లో నాదే దొరికిందా?" నాన్న బాత్రూమ్ తలుపు సందులోంచి తల మాత్రం బయటపెట్టి అడిగాడు.

"వానలో తడిసొచ్చాడు నాన్నా. చేతికందింది తీసుకున్నాను."

"చేతికందింది కాదు, మెత్తగా ఉన్నది తీసుకుంది," వంటింట్లోంచి అమ్మ అందించింది. "కన్నతండ్రి వణికినా ఫర్వాలేదు, మేడమీదాయన కుక్కకి జలుబు చెయ్యకూడదు."

మేడమీదాయన అంటే పళ్ల డాక్టరు. రెండేళ్ల కిందట పైవాటాలో అద్దెకు దిగాడు. బొగ్గు ఆయన కుక్క. పేరుకు తగ్గ నలుపు. సెలవులకు ఎక్కడికి వెళ్లినా దాన్ని కిందింటి అమ్మాయికి అప్పగించి వెళ్తాడు. ఇది ఐదోసారి.

అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్ష చేస్తుంది. "ఆయన పళ్లు, మనమ్మాయి కళ్లు," అంటాడు నాన్న. "మధ్యలో ముక్కు ఖాళీగా ఉందని కుక్క వచ్చింది."

అసలు పరిచయమే తగువుతో మొదలైంది. డాక్టరు సామాను దింపుతున్న రోజున బొగ్గు ఆమె కొత్త చెప్పు నమిలేసింది.

"మనవాడికి తోలంటే ప్రాణమండి," అన్నాడాయన సిగ్గుపడుతూ.

"మనవాడా? ఎవరి వాడు?"

"మీ చెప్పు తిన్నాడు కదా. ఇక మీక్కూడా చుట్టమే."

కోపమంతా నవ్వులో కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచి మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అదే పలకరింపు. మనవాడు తిన్నాడా, మనవాడు మిమ్మల్నే వెతుకుతున్నాడు. నా కుక్క అనలేదు, మా కుక్క అనలేదు. మన. ఆ రెండక్షరాల మీద ఆమె మెల్లగా మేడలు కట్టుకుంది.

ఈసారి వెళ్తూ ఎప్పటిలాగే ఒక కాగితం ఇచ్చాడు. పొద్దున ఆరింటికి బయటికి తీసుకెళ్లాలి. ఉరిమితే మంచం కిందికి దూరతాడు. పిలవొద్దు, పక్కన కూర్చుంటే చాలు. కాగితం ఇచ్చి, మెట్లు దిగబోయి ఆగాడు.

"వచ్చాక మీతో ఒక మాట మాట్లాడాలి. మనవాడి సంగతే. ఇప్పుడు చెప్పేది కాదు."

ఆ మాట కోసం ఆమె రోజులు లెక్కపెట్టింది. దుకాణంలో ఒక పెద్దాయనకి ఎడమకంటి అద్దం కుడివైపు రాసిచ్చి మాట పడింది. అద్దం ముందు నిలబడి, ఆయన అడిగితే వెంటనే ఊఁ అనాలా, కాసేపు ఆగి అనాలా అని ఆలోచించింది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. ఆమె మంచం పక్కన నేలమీద కూర్చుంది. అప్పుడే ఫోన్.

"మనవాడు ఎలా ఉన్నాడు?"

"మంచం కింద. నేను పక్కన."

"మీరుండగా వాడికేం భయం. మేం ఎల్లుండి సాయంత్రానికి దిగుతాం."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ 'మేం' చెవిలోనే ఉండిపోయింది. మనం అంటే తనూ ఉంటుంది. మేం అంటే ఉండదు. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

"అమ్మా, ఒక్కడే వెళ్లిన మనిషి మేం అంటాడా?"

"రాజులు అనేవాళ్లు."

"పళ్ల డాక్టర్లు?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. కూతురి ముఖం చూసి, నోటిదాకా వచ్చిన ఎత్తిపొడుపు మింగేసింది.

ఎల్లుండి రానే వచ్చింది. సన్నటి తుంపరలో టాక్సీ ఆగింది. ఆయన దిగాడు. వెనక ఒక అమ్మాయి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

బొగ్గు ఒక్క దూకులో వెళ్లి ఆయన మోకాళ్ల మీద కాళ్లు పెట్టింది. ఆయన వెనక్కి జరిగాడు. "ఆగరా, ఆగు. తనకి పడదు."

కిందింటి అమ్మాయి వైపు తిరిగి నవ్వాడు. "ఒక్క నిమిషమండి. మనవాడు సంచులు దించుతున్నాడు."

ఆమె బొగ్గు వైపు చూసింది. ఆయన అన్నది బొగ్గుని కాదు. టాక్సీ నడిపే మనిషిని. గంట కిందట ఎక్కిన టాక్సీ.

"వచ్చే నెలలో మా పెళ్లి," అన్నాడాయన, సంచులు లోపలికి చేరాక. "తనకి కుక్క దగ్గరుంటే తుమ్ములు ఆగవు. ఇల్లు కూడా మారుతున్నాం. మనవాణ్ణి మీరే ఉంచుకుంటారా? పరాయివాళ్లకి ఇవ్వడానికి మనసొప్పడం లేదు."

"ఆ మాట ఇదేనా?"

"ఇదే. ఎలా అడగాలో తెలియక ఇన్నాళ్లూ నాన్చాను."

ఆ అమ్మాయి రుమాలు చాటునుంచి మర్యాదగా అంది, "మీ గురించి చాలా చెప్పారు. కుక్కల్ని బాగా చూసుకుంటారట."

"ఆలోచించి చెప్తాను," అంది ఆమె. గొంతు ఆమె చెప్పినట్టే విన్నది. అంతవరకు నయం.

"ప్రయాణం చేసొచ్చారు, ఇప్పుడేం వండుకుంటారు? మాతోపాటే తినండి," అన్నాడు నాన్న, ఏమీ తెలియక. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకి పచ్చిగడ్డి భగ్గుమనేది.

అయిదుగురూ భోజనానికి కూర్చున్నారు. కొత్త ఇంటి గదుల గురించి డాక్టరు చెప్తుంటే బయట ఉరిమింది. గుమ్మం దగ్గర పడుకున్న బొగ్గు లేచింది. డాక్టరు కుర్చీ దాటుకుని, ఆగకుండా వచ్చి, ఆమె కుర్చీ కింద దూరింది.

ఆమె తినడం ఆపింది.

"బొగ్గు ఇక్కడే ఉంటాడు," అంది.

నాన్న కూతురి వైపు ఒకసారి, డాక్టరు వైపు ఒకసారి చూశాడు. భుజం మీది మెత్తటి తువ్వాలు తీసి, వంగి ఆమె కుర్చీ కింద పరిచాడు.

డాక్టరు ముఖం విప్పారింది. "పెద్ద బరువు దించారు. మేం అప్పుడప్పుడూ వచ్చి మనవాణ్ణి..."

"మావాడు," అంది ఆమె.

"ఆఁ?"

"మనవాడు కాదు డాక్టరుగారూ, మావాడు." ఆయన గ్లాసులో నీళ్లు నిండుగా పోసింది. "వచ్చే ముందు ఫోన్ చెయ్యండి. మావాడికి బయటివాళ్లంటే పడదు."