బోర్లా పడుకున్న పెళ్లికొడుకు

వాచీలు బాగుచేసే అతనికి వీధి పెట్టిన పేరు వాచీల డాక్టరు. ఆరేళ్ల క్రితం బైకు మీంచి పడి వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు, వీల్‌చైర్‌లోనే తిరుగుతాడు. స్పర్శ లేనిచోట ఒరిపిడికి పుండు పడినా తెలియదు కనుక, పావుగంటకోసారి చేతులు ఆన్చి ఒళ్లు కాస్త పైకెత్తుకోవాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు.

కాబోయే మామగారి ముందు మాత్రం ఆ పని చేయడట మహానుభావుడు. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి, అతన్ని ప్రేమించిన పాపానికి, ఇంటికి తీసుకెళ్లి నాన్నకు చూపించింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పెద్దాయన ఎదుట కుర్చీలో లేచి లేచి పడితే ఏం బాగుంటుందని మనవాడు ఫోన్లో పావుగంట అలారం ఆపేసి, మూడు గంటల ఉపన్యాసాన్ని శిలావిగ్రహంలా విన్నాడు.

పరువు నిలిచింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే పిరుదు మీద ఎర్రటి మచ్చ. నొక్కినా తెల్లబడలేదు, అంటే పుండు మొదలైనట్టే.

పక్కవీధి నర్సక్క వచ్చి, తిట్టాల్సినవన్నీ తిట్టి, మచ్చ మానేదాకా కుర్చీ ఎక్కొద్దని బోర్లా పడుకోబెట్టింది. అమ్మాయికి చెబితే ఎక్కడ వెనక్కి తగ్గుతుందోనని, షాపులో రద్దీగా ఉందంటూ ఐదు రోజులు మెసేజీలు పెట్టాడు. ఆరో రోజు ఆమె షాపుకే వెళ్లింది. తాళం పలకరించింది. తన మీద మోజు తీరిపోయిందనుకుని, ఆ ముక్కేదో మొహం మీదే అడుగుదామని అతనింటికొచ్చింది. కోడలు పిల్లను చూసిన సంబరంలో అతని అమ్మ గది తలుపు బార్లా తెరిచింది.

"రద్దీ బాగానే ఉంది," అంది ఆమె మంచం వైపు చూస్తూ.

అతను మొత్తం కక్కేశాడు. "ఇది ఒక్కసారితో పోయేది కాదు. ఈ నెల మచ్చ, పై నెల యూరిన్ ఇన్ఫెక్షన్, తర్వాత ఇంకోటి. జీవితాంతం వంతులేసుకుని వస్తాయి. నువ్వు వెళ్లిపోయినా ఏమీ అనుకోను."

"నీ వెన్ను సంగతి మొదటిరోజే తెలుసు. అబద్ధాల సంగతి ఈ వారమే తెలిసింది. దానికేమైనా మందుందా?"

ఆమె అక్కడే నాన్నకు ఫోన్ చేసి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఫోన్ స్పీకర్లోనే ఉంది.

"నా సర్వీసులో మూడు గంటలు కదలకుండా విన్నవాడు ఇతనొక్కడే అని మురిసిపోయానమ్మా," అన్నారు మాస్టారు. "వట్టి తెలివితక్కువవాడన్నమాట. మానాక తీసుకురా. పెళ్లి తేదీ అనుకుందాం."

ఆమె ఫోన్ పెట్టేసింది. "ఇంకేమైనా దాచావా?"

"ఒకటుంది. నువ్వు నిలబడితే నీ మొహం కనపడట్లేదు. ఇందాకటినుంచి మెడ పట్టేస్తోంది."

ఆమె నేల మీద చతికిలబడి, మంచం అంచుకు గడ్డం ఆన్చింది. వాళ్లిద్దరి ముక్కుల మధ్య ఇప్పుడు జానెడు దూరం కూడా లేదు.