సిలువ ముసుగుకు నిప్పంటించిందెవరు?

ఇడోనియా ఎండు బేరిపండు తుంచి కొత్త మొగుడి నోటికి అందిస్తుండగా తలుపు దబదబా మోగింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఎవరికి చిక్కొచ్చినా పరుగెత్తుకొచ్చేది ఆ మొగుడి దగ్గరికే. అతని పేరు వారిన్.

వచ్చింది రొట్టెలమ్మే హవీస్. "మా అన్నయ్యని కాపాడండయ్యా! సైతాను మంట పుట్టించాడట. రేపట్నించి చచ్చేదాకా చీకటి కొట్లోనేనట!"

ఆమె అన్న బ్రదర్ ఓడో, చేసి చూడందే ఏదీ ఒప్పుకోని సన్యాసి. ఒకసారి భూతద్దంతో గడ్డి అంటించాడు. నిన్న మధ్యాహ్నం మఠం చర్చిలో, ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలమని సిలువకు కప్పిన ముసుగు కాలింది. నింద అతని మీద పడింది.

వారిన్ భార్యతో మఠానికెళ్లి ముసుగు పరీక్షించాడు. కిటికీ వైపు కాలింది. తడిసిన గుడ్డకు పసుపు పూరేకలు అంటుకుని ఉన్నాయి.

"మొదట చూసిందెవరు, ఫాదర్?"

"నేనే," అన్నాడు మఠాధిపతి ఫుల్క్. "వెంటనే నీళ్లు పోసి ఆర్పాను."

ఇడోనియా భర్త చెవిలో గొణిగింది. "బావి వంటింటి అవతల కదండీ! అందాకా వెళ్లొస్తే గుడ్డ మిగులుతుందా?"

"నువ్వు లేకపోతే నా గతేంటే!" అన్నాడు వారిన్.

సంకెళ్లలో ఉన్న ఓడోని అడిగితే అతని కళ్లు మెరిశాయి. "గుండ్రటి గాజులో నీళ్లుంటే చాలు, ఎండ నిప్పవుతుంది. నా మాట నమ్మకండి. చేసి చూడండి."

మర్నాడు మధ్యాహ్నం వారిన్ అందరినీ చర్చిలో కూర్చోబెట్టాడు. ఓడోని మాత్రం సంకెళ్లతో గుమ్మం బయటే నిలబెట్టారు. ఎండ పడే కిటికీలో నీళ్ల గాజుకూజా పెట్టి, పాత గుడ్డ దానికి ఆనించాడు.

"తపస్సు కాలంలో ఇక్కడ పువ్వులు పెట్టకూడదు. సన్యాసికి సొంత గాజుకూజా ఎప్పుడూ ఉండకూడదు. అందుకే ఒకరు తన పూలకూజాని ముసుగు వెనక దాచారు. గుడ్డ అంటుకోగానే ఆ నీళ్లే గుమ్మరించి, కూజా మాయం చేశారు. రేకలు మిగిలిపోయాయి. నీళ్లు పోసింది మీరే కదా, ఫాదర్?"

ఫుల్క్ ముఖం పాలిపోయింది. అంతలో గుడ్డ మీంచి పొగ లేచింది, మంట అంటుకుంది. సన్యాసులు కెవ్వున లేచి సిలువ గుర్తు వేసుకున్నారు.

ఫుల్క్ తేరుకున్నాడు. "చూశారా? చెకుముకి లేదు, నిప్పురవ్వ లేదు. ఈ విద్య నీకెవరు నేర్పారు, వారిన్?"

అబద్ధమాడటం వారిన్‌కు చేతకాదు.

"బ్రదర్ ఓడో."

ఇక రేకల వైపు ఒక్కరూ చూడలేదు. హవీస్ గుండెలు బాదుకుంటుండగా ఓడోని లాక్కుపోయారు. పోతూ పోతూ అతను వెనక్కి తిరిగాడు.

"అంటుకుందా వారిన్ గారూ?" ఆత్రంగా అడిగాడు.

"అంటుకుంది."

ఓడో నవ్వాడు. అతన్ని తోసిన కొట్టుకు కిటికీ లేదు.