నెలవంక కన్నం తాళం

ఉదయం తొమ్మిదీ పది. డిపార్ట్‌మెంట్ ఆఫీసు మెట్ల మీద రెండు తూటాలు పేలాయి. పనిముట్ల సంచీతో సహా కూలిపోయిన మనిషి తాళాల మాస్టారు. ఎక్కడ ఏ తాళం మొండికేసినా డిపార్ట్‌మెంట్ కబురు పెట్టేది ఆయనకే. ఆయన మళ్ళీ లేవలేదు.

ఆ చావు వెనక లెక్కేమిటో షావుకారుకి కాసేపటికి గానీ అంతుబట్టలేదు. అతని అసలు ఉద్యోగం గూఢచర్యం, పైకి వేషం తాళాల దుకాణం. పదిహేనేళ్ళు కౌంటరు వెనక కూర్చునేసరికి వేషం ఒంటికి అతుక్కుపోయింది. దేన్ని చూసినా గిట్టుబాటు అవుతుందా లేదా అనే చూస్తాడు. అందుకే డిపార్ట్‌మెంట్‌లో ఆ ముద్దుపేరు.

"కూర్చో," అన్నాడు డైరెక్టర్ తన గదిలో.

"నిలబడే వింటాను సర్. చెప్పండి."

"మీ చెల్లెలు మీటర్ రీడర్ వేషంలో పాత ప్రెస్సులోకి వెళ్ళింది. విదేశీ ముఠా స్ట్రాంగ్‌రూమ్ అక్కడే ఉంది. వాళ్ళ ఏజెంట్ల రిజిస్టర్‌ని ఫిల్మ్ తీసింది. అంతలో తలుపు మూసుకుంది, ఆమె లోపలే చిక్కుకుంది. ముఠా పారిపోయింది. ప్రెస్సు ఇప్పుడు మన చేతిలోనే ఉంది, ఆ తలుపు తప్ప."

షావుకారు బల్ల మీదికి వంగాడు. "లోపల?"

"తలుపు పడేముందు వైర్‌లెస్‌లో ఒక్క మాట పంపింది. గోడకి టైమరు ఉందిట. సరిగ్గా పన్నెండుకి మంటలు. రిజిస్టరూ బూడిద, ఆమే బూడిద."

"డ్రిల్ చేస్తే?"

"తాళం లోపల గాజుపలక ఉంది. అది పగిలిందంటే బోల్టులు దిగబడిపోతాయి. మరి తలుపు తెరుచుకోదు. బాంబు పెడితే ఆమెకీ తగులుతుంది. ఆ తాళం ఏమిటో తెలిసి తెరవాలి. తెలిసిన మాస్టారుని పొద్దున్నే చంపేశారు."

బల్ల మీద ఫొటో పెట్టాడు. గుండ్రటి ఉక్కు ముఖం. నెలవంక ఆకారంలో కన్నం. చుట్టూ నాలుగు చుక్కలు. కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. పదిహేనేళ్ళలో షావుకారు కౌంటరు మీదికి ఇలాంటిది రాలేదు.

"తాళాల పిచ్చోళ్ళ క్లబ్బొకటి ఉంది. ఇవాళ పదింటికి మీటింగ్. మనం ముఠాలోకి పంపిన ఏజెంట్ అందులో మెంబరు. కోడ్ నేమ్ వెల్వెట్. 'నూనె వేశారా' అని అడుగు. 'తుప్పు పట్టాక ఎందుకు' అంటుంది. ఇంకో మాట. తెరుచుకోకపోతే పదకొండూ యాభై ఐదుకి అందరూ బయటికి రావాలి. ఒకరి కోసం నలుగురిని పోగొట్టుకోను. ఇది ఆర్డర్."

షావుకారు తలూపాడు. తలూపడానికి ఖర్చేం లేదు.

సైకిళ్ళ షాపు మీద క్లబ్బు వాళ్ళ పొడుగాటి గది. బల్ల నిండా తాళాలు బిగించే వైసులు, టేబుల్ లైట్లు, విప్పిన తాళాలు. పళ్ళ డాక్టరొకాయన పన్ను పీకే శ్రద్ధతో ఓ తాళంలోకి కొక్కెం దూర్చి కూర్చున్నాడు. ప్రెసిడెంటు టీచరమ్మ. ముప్పైఐదేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కిటికీ పక్కన నల్ల గ్లవ్స్, ఎర్ర లిప్‌స్టిక్, చూపు తిప్పుకోనివ్వని అందం. వెల్వెట్.

పాత ఇనప సామాన్ల వ్యాపారి వేషంలో, అతికించిన మీసంతో షావుకారు ఆమె పక్కకి చేరాడు.

"నూనె వేశారా?"

"తుప్పు పట్టాక ఎందుకు?" అందామె నవ్వుతూ.

షావుకారు ఫొటో బల్ల మీద వేశాడు. "పాత సామాన్లలో వచ్చిందండీ. ఏ రకమో చెబితే పుణ్యం కట్టుకుంటారు."

"నీదేనా? వాడుకలో ఉన్న తాళం జోలికి మేం పోం," అంది టీచరమ్మ.

"నాదేనమ్మా."

ఇక చూడాలి ఆ పిచ్చి! ఫొటో చేతులు మారింది. తలకిందులుగా పట్టుకున్నారు. భూతద్దం కోసం కొట్టుకున్నారు. "లీవర్ తాళం!" "నీ మొహం, లీవరుకి నెలవంకెందుకు?" "వెనకవైపు ఫొటో ఏదయ్యా? ముఖం చూసి జాతకం చెప్పమంటే ఎలా?" గంట గడిచింది. తేలింది మాత్రం సున్నా. షావుకారు గోడ గడియారం వైపు చూశాడు. పదకొండూ ఐదు. చెల్లెలు పీల్చే గాలి ఎంత మిగిలిందో లెక్కకట్టబోయి మానేశాడు.

అప్పుడు వెల్వెట్ సంగతి కంట పడింది. ఫొటో తన దగ్గరికొస్తే ఒక్కసారి చూసి, "నేనెప్పుడూ చూడలేదు" అని పక్కకి తోసేసింది. మిగతావాళ్ళు ముద్ద మానేసిన ఆకలితో దాని మీద పడుతుంటే, ఈమెకి రెండోసారి చూడాలని లేదు. ఎన్నడూ చూడని తాళాన్ని రెండోసారి చూడని పిచ్చోళ్ళు ఈ గదిలో లేరు. చూసేసిన వస్తువైతేనే అలా వదిలేస్తారు. అంటే ముఠాలోకి పంపిన మనిషి ముఠా వైపే తిరిగిపోయింది.

నిలదీస్తే చెప్పదు. బతిమాలినా చెప్పదు. షావుకారుకి మిగిలింది కౌంటరు దగ్గర నేర్చిన విద్యే. ఒకడి సరుకుని పదిమందిలో తీసిపారేస్తే, దాని సుగుణాలన్నీ వాడే ఏకరువు పెడతాడు.

ఫొటో లాక్కుని మడిచాడు. "పోనీండి. చవక నకలు. పోతపోసిన డబ్బా సరుకు. ఆ చుక్కలు కూడా సోకుకి పెట్టినవే. తూకానికి అమ్మేస్తాను."

"నకలా!" వెల్వెట్ కుర్చీలోంచి లేచింది. "నీకేం తెలుసు? అది చేత్తో చెక్కిన తాళం. ప్రపంచంలో మూడే ఉన్నాయి. లోపల పన్నెండు బిళ్ళలు, మూడు అయస్కాంతాలు. ఆ చుక్కల రింగు తిప్పకుండా దేవుడు కూడా..."

ఆగిపోయింది. గదంతా ఆగిపోయింది.

"బిళ్ళలు పన్నెండని ఫొటోలో ఎక్కడుంది తల్లీ?" అంది టీచరమ్మ నెమ్మదిగా.

వెల్వెట్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పౌడర్ డబ్బా తీసింది. మూత తెరుచుకుంటే అద్దం చోట పిస్టల్ గొట్టం. అదే క్షణంలో బల్ల మీంచి అరకిలో తాళమొకటి ఎగిరొచ్చి ఆమె మణికట్టుకి తగిలింది. డబ్బా కింద పడింది.

"మాట్లాడే పిల్లల మీదికి ముప్పైఐదేళ్ళు చాక్‌పీసులు విసిరాను," అంది టీచరమ్మ చెయ్యి దులుపుకుంటూ. షావుకారు రెండు ముక్కల్లో నిజం చెప్పాడు. ఆవిడ పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుంది. "అబద్ధమాడావు. దాని సంగతి తర్వాత. కారెక్కడ?"

పదకొండూ నలభై. ప్రెస్సు నేలమాళిగ. గార్డుల మధ్య వెల్వెట్. తలుపు మీద చెవి పెడితే లోపలినుంచి మూడు దెబ్బలు వినిపించాయి. షావుకారు మూడు కొట్టాడు. బదులు రావడానికి నిమిషం పట్టింది. తర్వాతిసారి రెండే దెబ్బలు.

"గాలి అయిపోతోంది," అన్నాడు.

టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. "పన్నెండు బిళ్ళల సంగతి నేను చూసుకుంటాను. రింగు ముందు ఎటు తిప్పాలి? తప్పు తిప్పితే గాజు పగులుతుంది."

"కుడికి," అంది వెల్వెట్, అడిగీ అడగ్గానే.

అంత తేలిగ్గా దిగొచ్చిన బేరాన్ని షావుకారు ఏనాడూ నమ్మలేదు. ఆ రిజిస్టర్‌లో ఈమె పేరూ ఉండే ఉంటుంది. తలుపు తెరుచుకోకపోతే ఈమెకి లాభమే. లాభం ఒకవైపు, నష్టం ఒకవైపు ఉన్నంతసేపూ నిజం బయటికి రాదు.

జేబులోంచి బేడీలు తీసి ఒక కొస వెల్వెట్ చేతికి, రెండో కొస తలుపు హ్యాండిల్‌కి వేశాడు. బేడీల తాళంచెవిని గోడవారగా మురుగు కన్నంలో పడేశాడు.

"నీకు పిచ్చా?" అని అరిచిందామె.

"ఇప్పుడు మనం భాగస్వాములం. చెప్పు. కుడికేనా?"

నడుముకున్న కొలత టేపులో దాచిన వైర్‌లెస్ గరగరలాడింది. "పదకొండూ యాభై ఐదు. అందరూ బయటికి. ఆర్డర్!" గార్డులు పరుగెత్తారు. షావుకారు టేపు నొక్కి ఆపేశాడు. టీచరమ్మ కదల్లేదు. "నా క్లాసు మధ్యలో బెల్లు కొడితే లేచే అలవాటు లేదు."

యాభై ఆరు. లోపలినుంచి ఒక్క దెబ్బ. యాభై ఏడు. ఏ చప్పుడూ లేదు. షావుకారు రెండు చేతులతో తలుపు బాదాడు. "చెల్లీ! పలకవే!" బదులు లేదు. అలాగే ఉక్కుకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

వెల్వెట్ బేడీని గట్టిగా గుంజింది, ఊడి రాలేదు. "ఎడమకి! పావు వంతే! క్లిక్ వినిపించాకే పరికరం పెట్టాలి!"

టీచరమ్మ ఎడమకి తిప్పింది. క్లిక్. సన్నటి కడ్డీ నెలవంకలోకి దూరింది. "ఒకటి... రెండు... ఊపిరి పీల్చకు నాయనా, చేతికి చప్పుడు తెలియాలి... ఏడు... ఎనిమిది..." యాభై తొమ్మిది దాటింది. "పదకొండు... పన్నెండు."

తలుపు కదిలింది. షావుకారు సందులోంచి చెయ్యి దూర్చి, దొరికిన చొక్కా కాలరు పట్టి ఈడ్చాడు. చెల్లెలు బస్తాలా బయటికొచ్చి పడింది. ముగ్గురి బరువూ వేసి తలుపు మూశారు. లోపల ధన్‌మన్న చప్పుడు. ఉక్కు వెచ్చబడింది.

చెల్లెలు దగ్గి, దగ్గి, గుప్పిట తెరిచింది. ఫిల్మ్ చుట్ట క్షేమంగా ఉంది.

షావుకారు నొక్కగానే కొలత టేపు మళ్ళీ గరగరలాడింది. "షావుకారూ! ఆర్డర్ ఎందుకు ధిక్కరించావో లిఖితపూర్వకంగా కారణం కావాలి. మీ చెల్లెలి సాక్షి సంతకంతో!"

షావుకారు మీసం ఎప్పుడో ఊడిపోయింది. మొహం తుడుచుకుని చెల్లెలివైపు చూశాడు. "విన్నావుగా. ఏం రాయమంటావే?"

"నన్నడక్కు అన్నయ్యా," అందామె కళ్ళు మూసుకునే. "ఆ టైంలో నేను సీట్లో లేను."