పైకి చూసే చేప

మ్యూజియం కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న సీసాల గదికి మంచి పేరు లేదు. మందునీళ్ళలో ఊరుతున్న చేపలూ పాములూ తప్ప అందులో ఏమీ ఉండవు. అయినా రాత్రి కాపలాకి వచ్చినవాడు ఎవడూ నిలవలేదు. ఆఖరివాడైతే తాళాలు బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడట.

ఆ ఖాళీలోకి వాడి బావమరిదే వచ్చాడు. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. దెయ్యాలకి భయపడే తాహతు లేదు.

"ఏముంది బావా ఆ గదిలో?" అని అడిగితే, బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నువ్వు చెయ్యగలవులే," అన్నాడు. అంతే.

మొదటి రాత్రే కరెంటు పోయింది. టార్చి వేసుకుని లోపలికి వెళ్ళాడు. అరల మధ్య నడుస్తుంటే... ఎవరో చూస్తున్నట్టు వీపు జివ్వుమంది. తిరిగాడు.

సీసాలో ఒక చేప. నల్లటి ఒళ్ళు. మూతి మీద రెండు కళ్ళు — రెప్పల్లేని దిగులు కళ్ళు — సూటిగా అతన్నే చూస్తున్నాయి. పక్కకి జరిగాడు. అవీ జరిగినట్టే అనిపించింది.

కాళ్ళు ఎలా కదిలాయో తెలీదు. పై అంతస్తులో కొవ్వొత్తి వెలుగులో చేపల మీద పరిశోధన చేసుకుంటున్న మేడమ్ గది ముందు తేలాడు.

ఆవిడ నవ్వలేదు. టార్చి తీసుకుని కిందికొచ్చింది.

"ఇవి కళ్ళు కావయ్యా, ముక్కు రంధ్రాలు. కళ్ళు ఇదిగో... లోపల."

చేప తల పైభాగం గాజుబుడగలా ఉంది. అందులోంచి రెండు ఆకుపచ్చ గుండ్లు నిటారుగా పైకి చూస్తున్నాయి.

"సముద్రం అడుగున అంతా చీకటే కదా. కాస్త వెలుతురు వచ్చినా పైనుంచే రావాలి. తల మీంచి ఏం పోతోందో చూసుకుంటూ బతుకుతుంది. నిన్నేం చూడట్లేదు, పోయి పని చూసుకో."

ప్రాణం లేచొచ్చింది. ఆవిడ వెళ్ళగానే ఆ సీసా ముందే నిలబడి బావకి ఫోన్ చేశాడు.

"అనవసరంగా ఉద్యోగం వదులుకున్నావు బావా. అవి ముక్కు రంధ్రాలట. అది మనల్ని చూడదట, పైకి చూస్తుందట."



"తెలుసురా," అన్నాడు బావ, గొంతు బాగా తగ్గించి. "మేడమ్ నాకూ చెప్పింది. అది విన్నాకే... ఏం చూస్తోందా అని నేనూ పైకి చూశాను."

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. మెడ కొంచెం లేచి — ఆగింది. నెమ్మదిగా దించేసి, నేలనే చూసుకుంటూ బయటికి నడిచాడు.

ఉద్యోగం మాత్రం మానలేదు. ఇప్పటికీ ఆ గదిలోకి తల వంచుకునే వెళ్ళి, తల వంచుకునే వస్తాడట. ఇంత వినయం గల కాపలావాడు ఇంతవరకూ దొరకలేదని పైవాళ్ళు మెచ్చుకుంటుంటారట.