పెద్దగా వాడని అకార్డియన్

ఉదయం తొమ్మిది గంటలు. స్టోయిల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎడమచేతిలో రబ్బరు బంతి పెట్టుకుని పిసుకుతున్నాడు. పిసుకుతున్నాననే అనుకుంటున్నాడు. పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైనా ఆ చెయ్యి ఇంకా ఎవరిదో అన్నట్టే ఉంది. ఎదురుగా భార్య వెనెటా కాల్చిన మిరపకాయల పొట్టు తీస్తోంది.

"ఇరవై అయ్యాయా?"

"పన్నెండు."

"ఇందాక కూడా పన్నెండే అన్నావ్."

"ఇందాక అన్నది అబద్ధం. ఇప్పటిది నిజం."

ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. రెండింటికీ కొంత ఓపిక కావాలి. చేతులు కడుక్కుని తడిబట్టల బుట్ట ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళింది. అప్పుడే బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. స్టోయిల్ కుడిచేత్తో తీశాడు.

"వెనెటా గారేనా?" ఎవరో ఆడమనిషి. గొంతులో వేడి ఉంది.

"వాళ్ళాయన్ని."

"మరీ మంచిది, మీరే వినండి. నా పేరు నెద్యల్కా, రాజ్‌గ్రాద్ నుంచి. కొరియర్ ఆఫీసులోనే నిలబడి మాట్లాడుతున్నాను. పెట్టె విప్పి చూశాను. డబ్బు కట్టడం లేదు, వెనక్కి పంపేస్తున్నాను."

"ఏ పెట్టె అమ్మా?"

"అకార్డియన్ అండీ! 'పెద్దగా వాడలేదు, కొత్తదానిలా ఉంది' అని ప్రకటనలో రాశారే, అది. గాలి తిత్తి మూల అతుకేసుంది. ఆ అతుకు గోడవైపు తిప్పి ఫోటో తీశారు. వాయించే మెట్లేమో వేళ్ళు ఆడి ఆడి గుంటలు పడ్డాయి. ఇంతమంది ముందు కౌంటర్ మీద విప్పుకుని నేను వెర్రిదాన్నయ్యాను. పాతదైతే నాకేం బాధ లేదండీ. మా అమ్మాయికి బాగా వాయించిన వాద్యమే నయం. ఉన్నదున్నట్టు రాసుంటే ఈపాటికి ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని."

"మీరన్నది నిజమేనమ్మా," అన్నాడు స్టోయిల్.

భుజాలకి తగిలించుకుని తను వాయించిన ఆ అకార్డియన్ కింద సామాన్ల గదిలో ఉందనే అతను నమ్ముతున్నాడు. గదికి సున్నం వేయించేటప్పుడు దించానని వెనెటా చెప్పింది. ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. దిగి చూసుకోగలిగే స్థితిలో అతను లేడు. కానీ దిగగలిగినా చూసేవాడు కాదు. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె మాటని సరిచూసుకోవాలని ఎప్పుడూ తోచలేదు.

వెనెటా ఖాళీ బుట్టతో లోపలికొచ్చింది. అతని ముందున్న తన ఫోన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మేశావ్," అన్నాడు.

ఈ మాటకి జవాబు ఆమె రెండు వారాలుగా లోలోపల తయారు చేసుకుంటోంది. తీరా సమయం వచ్చేసరికి అది అరిగిపోయినట్టు అనిపించింది.

"అమ్మాను. రోజూ పొద్దున్నే ఆ పెట్టెకి ఎదురుగా కూర్చునేవాడివి, శవం పక్కన కూర్చున్నట్టు. చూడలేకపోయాను."

"అమ్మితే అమ్మావ్. పెద్దగా వాడలేదని ఎందుకు రాశావ్?"

ఆమె తెల్లబోయింది. చెప్పకుండా ఎందుకు చేశావంటాడనుకుంది. ఏడుస్తాడేమోనని కూడా భయపడింది.

"అందరూ అలాగే రాస్తారు. లేకపోతే ఎవడు కొంటాడు?"

"నలభై ఒక్క ఏళ్ళు, వెనెటా! ఈ యాంబోల్ చుట్టుపక్కల నేను వాయించని పెళ్ళి ఏదో చెప్పు చూద్దాం. భుజాల మీద పట్టీలు కోసుకుపోయేవి. ఒక్క ముక్క రాసి అదంతా తుడిచేశావ్. ఏం, నేను ఊరికే కూర్చుని తిన్నానా?"

పక్షవాతం వచ్చాక అతను గొంతు పెంచడం ఇదే మొదలు. నోరు ఒక పక్కకి లాగేసి మాటలు ముద్దముద్దగా వచ్చాయి. ఇంకో రోజైతే వెనెటా గ్లాసుతో నీళ్ళిచ్చి ఊరుకోబెట్టేది. ఈ రోజు బుట్ట కింద పడేసింది.

"వాడావ్. బ్రహ్మాండంగా వాడావ్! ఎవరికోసం? శనివారం ఒక ఊరు, ఆదివారం ఒక ఊరు. తెల్లారాక వచ్చి పెట్టె మూలన నిలబెట్టి సాయంత్రందాకా పడుకునేవాడివి. 'ష్, నాన్న పడుకున్నాడు, ష్' అంటూనే మన సిల్వియాని పెంచాను. పిల్ల అరిస్తే నోరు మూసేదాన్ని. నలభై ఒక్క ఏళ్ళలో ఈ ఇంట్లో ఆ మూత నాకోసం ఒక్కసారి తీశావా? ఒక్క పాట? 'ఇంటికొచ్చాక కూడానా' అనేవాడివి. ఈ ఇంట్లో దాన్ని పెద్దగా వాడలేదు, స్టోయిల్. నేనేం అబద్ధం రాయలేదు."

చెప్పేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. 'పెద్దగా వాడలేదు' అన్న ఆ మాట ఎవరిదో ప్రకటన చూసి కాపీ కొట్టాననే ఇన్నాళ్ళూ అనుకుంది. అది తన లోపల ఎప్పటి నుంచో తయారుగా ఉందని ఇప్పుడే తెలిసింది. తెలిసినందుకు తేలిక కలగలేదు. కూర్చుని మళ్ళీ మిరపకాయలు అందుకుంది.

రెండు రోజులు ఇద్దరూ అవసరానికే మాట్లాడుకున్నారు. మందు వేసుకో. కిటికీ మూయి. గురువారం మధ్యాహ్నం పెట్టె తిరిగొచ్చింది. వెనెటా దాన్ని మంచం మీద పెట్టి విప్పింది. స్టోయిల్ చాలాసేపు కుడి అరచేయి దానిమీద ఆనించి కూర్చున్నాడు.

"ఫోన్ తీసుకో," అన్నాడు చివరికి. "ఉన్నదున్నట్టు చెప్తాను. రాయి. ఆ రాజ్‌గ్రాద్ ఆవిడకి పంపుదాం."

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది.

"తిత్తి కింది మూల అతుకు. పెళ్ళి పందిరి గుంజ పడింది. ఎనభై తొమ్మిది, ఆగస్టు."

వెనెటా వేలు ఆగిపోయింది. "ఆ రాత్రే సిల్వియాకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, నలభై డిగ్రీలు. ఎత్తుకుని ఆసుపత్రికి నడిచాను. బస్సుల్లేవు."

"నాకు చెప్పలేదే?"

"పడుకున్నావ్."

అతను ఒక మెట్టు మీదికి వేలు జరిపాడు. "ఇక్కడ సిగరెట్ కాలిన మచ్చ. పెళ్ళికొడుకు మావయ్య తాగి పెట్టాడు. తొంభై ఏడు, జనవరి."

"రొట్టె కోసం నాలుగింటికే లైన్లో నిలబడ్డ చలికాలం. నా వంతు వచ్చేసరికి అయిపోయింది."

"మేం అక్కడ గొర్రెమాంసం తిన్నాం." అలా అని తల దించుకున్నాడు. వేలు బొత్తాల వైపు జరిపి, "ఇదిగో, ఇక్కడ బొత్తాం ఊడితే వేరేది అతికించాను," అన్నాడు.

ఆమె వంగి చూసింది. "ఇది నా నీలం కోటు గుండీ!"

"అవును."

"దొంగా! ఏడాది వెతికాను దీనికోసం. సిల్వియా పోగొట్టిందని ఓ దెబ్బ కూడా వేశాను."

"అది కూడా రాయి," అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు.

వివరాలు పంపిన గంటకి నెద్యల్కా జవాబిచ్చింది. ఇప్పుడు నమ్మకం కలిగింది, తీసుకుంటాను, అయితే ఒకసారి వాయించి వీడియో పంపండి, దాని గొంతు వినాలి అని.

స్టోయిల్ ఒళ్ళో పడి ఉన్న ఎడమచేతిని చూసుకున్నాడు. తిత్తి లాగాల్సింది ఆ చెయ్యే. వెనెటా కుర్చీ జరుపుకుని అతనికి ఎడంపక్కన కూర్చుంది. ఫోన్‌ని ఎదురుగా సొరుగుల బల్ల మీద నిలబెట్టి, చేతి పట్టీలో తన చెయ్యి దూర్చింది.

"మెల్లగా లాగు. కార్పెట్ దులుపుతున్నావా ఏంటి? ఊపిరి తీసుకున్నట్టు లాగాలి."

"నేర్పితే కదా తెలిసేది."

మొదట గురక లాంటి చప్పుడు. తర్వాత స్వరం వచ్చింది. అతని కుడిచేతి వేళ్ళు మెట్ల మీద గుంటల్ని వాటంతటవే వెతుక్కున్నాయి. అది నిదానంగా సాగే పాట. ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఏ పెళ్ళిలో వాయించావ్ దీన్ని?"

"ఏ పెళ్ళిలోనూ కాదు. ఇలాంటివి అక్కడ అడగరు."

ఆమె భుజం సలుపుతోంది. తిత్తి మూసుకున్నప్పుడల్లా అతని పక్కటెముకలు తన మోచేతికి తగులుతున్నాయి. పాట ఒకచోట తడబడింది, ఇంకోచోట ఆగింది, చివరిదాకా మాత్రం వెళ్ళింది. వెనెటా లేచి ఫోన్ చూసింది. తెర మీద వేలు అటూ ఇటూ జరిపింది.

"ఏమైంది?"

"వీడియో బొత్తాం నొక్కలేదు."

"మర్చిపోయావా?"

ఆమె ఆలోచించింది. "తెలియదు," అంది. నిజంగానే ఆమెకి తెలియలేదు.

స్టోయిల్ ఆమె వైపు తిరిగాడు. లాగేసిన ఆ మూతి మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"చెయ్యి నొప్పెడుతోందా?" అన్నాడు.

"ఆఁ."

"కాసేపు ఆగుదామా?"

వెనెటా ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి వచ్చి కూర్చుని మళ్ళీ పట్టీలో చెయ్యి దూర్చింది.

"వద్దు," అంది. "వాయించు."