వెళ్ళొస్తానన్న మాట

ఆ మలుపులో ఉన్న ఇంటి గురించి ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. అక్కడి దెయ్యం జుట్టు విరబోసుకుని తిరగదు, మీదపడి పీక్కు తినదు. పిలిచి భోజనం పెడుతుంది... అదే భయం.

కుట్టుమిషన్లు బాగుచేస్తూ ఊరూరా తిరిగే అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకరోజు అక్కడ చిక్కుబడిపోయారట. అక్క పని చేస్తుంది, చెల్లెలు మాట్లాడుతుంది. జనం వాళ్ళని సూది, దారం అనేవాళ్ళు. సూది గుచ్చుకుంటుంది, దారం కలుపుతుంది. ఎవరంటే జనానికి ఇష్టమో వేరే చెప్పాలా?

ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. టీకొట్టాయన తలుపులు వేసుకుంటూ గొంతు తగ్గించాడు.

"ఆ ఇంట్లో పెద్దావిడ చోటిస్తుంది. తినండి, పడుకోండి, ఏం కాదు. పొద్దున బయల్దేరేటప్పుడు మాత్రం 'వెళ్ళొస్తాం' అనకండమ్మా."

"మరేమనాలి బాబాయ్?" అంది దారం నవ్వుతూ.

"'పోతున్నాం' అనండి. వస్తామన్నవాళ్ళని... ఆవిడ రప్పించుకుంటుంది."

తట్టకముందే తలుపు తెరుచుకుంది. ముసలావిడ దారాన్ని చూసి రెండు చేతులూ చాచింది. "రా తల్లీ, రా! ఎంత చిక్కిపోయావో!" తర్వాత సూదికేసి చూసింది. "నువ్వు కూడా రామ్మా."

కూడా...

పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. నువ్వు కూడా తిను. ఓహో, మీ అక్క కూడా వచ్చిందా? ముక్కూ మొహం తెలియని మనిషి, చూసి రెండు నిమిషాలు కాలేదు — ఈవిడకి కూడా తెలిసిపోయిందా!

వంటింటి గోడకి వరసగా మేకులు. మేకుకో కప్పు. "ఇంటికొచ్చినవాళ్ళవి. మళ్ళీ వస్తారుగా, అందుకని ఉంచుతా" అంటూ, దారం తాగిన కప్పు కడిగి చివరి మేకుకి తగిలించింది ముసలావిడ. సూది కప్పు తొట్టిలోనే ఉండిపోయింది.

మెత్తటి దుప్పటి దారానికి. చిరుగుది సూదికి.

రాత్రి సూదికి కన్ను మూతపడలేదు. చలికి కాదు, కడుపుమంటకి. ఏ జాములోనో ముసలావిడ వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది... తల నిమిరింది... "మళ్ళీ వస్తావు కదూ... మాటివ్వు..."

దీపం వెలుగులో గోడమీద మంచం నీడ ఉంది. చెల్లెలి నీడ ఉంది. నిమిరే చేతికి మాత్రం నీడ లేదు!

సూది చిరుగు దుప్పటి మొహం మీదికి లాక్కుంది. అయినా... నా తల కూడా ఒక్కసారి నిమిరితే ఆవిడ సొమ్మేం పోయింది, అనుకుంది.

తెల్లారింది. దారం మొహంలో నెత్తుటిచుక్క లేదు. "పోతున్నాం పెద్దమ్మా" అనేసి, చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డెక్కేసింది. ముసలావిడ మొహం వాడిపోయింది. చూపు చెల్లెలి వెనకే పోతోంది. సూది పక్కనే ఉంది — ఉన్నట్టే లేదు.

"నేను వెళ్ళొస్తాను, పెద్దమ్మా."

ముసలావిడ మెల్లిగా తల తిప్పింది. మొదటిసారి నిండుగా చూసింది. లోపలికెళ్ళి, చివరి మేకున ఉన్న కప్పు తీసేసి, తొట్టిలోది తుడిచి అక్కడ తగిలించింది. తిరిగొచ్చి సూది తల నిమిరింది. మంచుగడ్డలాంటి చెయ్యి... ఎంత మెత్తగా ఉందో!

మూడోనాటి రాత్రి, ఇల్లు చేరాక, సూది తన గదిలో గడియ వేసుకుని పడుకుంది. పొద్దున తలుపు విరగ్గొట్టి చూస్తే, గడియ వేసినట్టే ఉంది. మంచం ఖాళీ.

ఎక్కడికి పరిగెత్తాలో చెల్లెలికి తెలుసు. చీకటిపడే వేళకి ఆ మలుపింటి తలుపు బాదుతోంది. "అక్కా! అక్కా!"

లోపల ముసలావిడ చెవులు రిక్కించింది. "నా చిట్టితల్లి గొంతులా ఉందే!"

ఆవిడ లేచేలోపే సూది తలుపుకి వీపు ఆనించింది. సందులోంచి గుసగుసగా అంది — "పోవే... ఇటు మళ్ళీ రాకు."

చెల్లెల్ని కాపాడుకోడానికి చచ్చి కూడా అడ్డు నిలిచిన అక్క అని ఇప్పటికీ చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటారు జనం. చెప్పుకోనీండి. లోపలి మాట వాళ్ళు వినలేదు.

"ఎవరే తలుపు దగ్గర?"

"ఎవరూ లేరు పెద్దమ్మా. నేనే... నేనొక్కదాన్నే."